పెద్ద ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచడం: కాగితం మీద వేసుకోవాల్సిన లెక్కలు

మేనేజర్ స్థాయి దాటి డైరెక్టర్, వైస్ ప్రెసిడెంట్ దాకా వెళ్ళే ఉద్యోగం పాతికేళ్ళ పని. ఒక బిడ్డను పెంచి ఇంటర్ దాటించడం పద్దెనిమిదేళ్ళ పని. రెండూ ఒకే కాలంలో వచ్చి మీద పడతాయి. ఆఫీసుకి ఇంత, ఇంటికి ఇంత అని రోజును సమంగా పంచుకోవాలని చూసేవాళ్ళు త్వరగా అలిసిపోతారు. అలా సమంగా తెగే రోజు ఏ ఇంట్లోనూ ఉండదు. లెక్క ఏడాదికి వేసుకోవాలి, కొన్ని విషయాల్లో పదేళ్ళకి వేసుకోవాలి.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో గొడవ చాలావరకు ఒక్క చోటే మొదలవుతుంది. ఇంటికి సంబంధించిన తేదీలన్నీ ఒకరి తలలోనే ఉంటాయి. రెండో మనిషికి అవి చెప్తేనే తెలుస్తాయి. అందుకే కింది పనుల్లో చాలావాటికి కాగితం, పెన్ను కావాలి. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి చోట్ల ఉన్న ఇళ్ళను మనసులో పెట్టుకుని రాశాం. వేరే ఊళ్ళో, వేరే దేశంలో ఉన్నవాళ్ళు తేదీలు మార్చుకుంటే సరిపోతుంది.

ముందుగా పదిహేనేళ్ళ కాగితం

ఒక కాగితం అడ్డంగా పెట్టి ఈ ఏడాది నుంచి పదిహేనేళ్ళు వరుసగా రాయండి. ఒక్కో ఏడాది కింద నాలుగు వరుసలు: మీ ఇద్దరి వయసులు, పిల్లలు చదివే తరగతి, రెండు వైపులా అమ్మానాన్నల వయసులు, ఉద్యోగంలో మీరు అనుకుంటున్న తర్వాతి మెట్టు. అరగంటలో అయిపోతుంది. పూర్తయ్యాక బరువు ఎక్కువ పడే ఏళ్ళు వాటంతట అవే కనబడతాయి, వాటి చుట్టూ ఎర్ర గీత గీయండి.

బిడ్డ పుట్టిన మొదటి రెండేళ్ళే కష్టకాలమని అందరూ అనుకుంటారు. ముప్పైల్లో పిల్లల్ని కన్నవాళ్ళ కాగితం మీద అంతకంటే బరువైన ముడి ఇంకొకటి ఉంటుంది. పెద్దబిడ్డ పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య ఉంటుంది, అమ్మానాన్నలు డెబ్బై అయిదు దాటుతారు, మీకు ఉద్యోగంలో అతి పెద్ద బాధ్యత అప్పుడే వస్తుంది. పసితనంలో పనికొచ్చిన ఆయా, అమ్మమ్మ ఈ దశలో ఆదుకోలేరు. ఆ ఏళ్ళకోసం సెలవులూ డబ్బూ ఇప్పటినుంచే దాచాలి.

బదిలీల విషయం ఈ కాగితం మీదే తేల్చుకోండి. సీబీఎస్ఈలో 9, 11 తరగతుల్లో బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది. 10, 12 తరగతుల్లోకి నేరుగా వేరే స్కూల్‌కి మారాలంటే కారణాలు, కాగితాలు చూపించాలి. మన రాష్ట్రాల్లో ఇంకో చిక్కు ఉంది. మెడిసిన్, ఇంజినీరింగ్ సీట్లకి స్థానికత చూసేటప్పుడు ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువు, అంటే 9 నుంచి 12 దాకా, పెద్ద ఆధారం. బిడ్డ తొమ్మిదిలో ఉండగా రెండేళ్ళ పోస్టింగ్ మీద కుటుంబంతో పుణె వెళ్ళి తిరిగొస్తే ఆ వరుస తెగిపోవచ్చు. కొన్ని ఉద్యోగాలకు మినహాయింపులున్నాయి, నియమాలు మారుతుంటాయి కూడా. అందుకని బదిలీ ఉత్తర్వు మీద సంతకం పెట్టకముందే ఆ ఏడాది అడ్మిషన్ల ప్రాస్పెక్టస్ (నియమాల పుస్తకం) తీసి చదవండి. ఊరు మారే అవకాశం వాడుకోవాలంటే బిడ్డ రెండో తరగతికీ ఏడో తరగతికీ మధ్య ఉన్న కాలం అన్నిటికంటే తేలిక.

ఏడాది క్యాలెండర్: ఆఫీసుదీ బడిదీ ఒకే చోట

లిస్టెడ్ కంపెనీల్లో, అంటే షేర్లు స్టాక్ మార్కెట్‌లో ఉన్నవాటిలో, ఏడాది ఎలా నడుస్తుందో ముందే తెలుసు. మూడు నెలల ఫలితాలు క్వార్టర్ ముగిసిన 45 రోజుల్లో, ఏడాది ఫలితాలు 60 రోజుల్లో ప్రకటించాలి. అంటే ఆగస్టు 14, నవంబర్ 14, ఫిబ్రవరి 14, మే 30 లోపల బోర్డు మీటింగులు జరిగి తీరాలి. ఫైనాన్స్, లీగల్, ఇన్వెస్టర్ రిలేషన్స్ లాంటి విభాగాల్లో ఉన్నవాళ్ళకి వాటికి ముందు రెండు వారాలూ ఇంటికోసం మిగలవు. సేల్స్‌లో ఉన్నవాళ్ళకి మార్చి నెల అంతా అంతే.

ఇప్పుడు దాని పక్కన బడి తేదీలు పెట్టండి. సీబీఎస్ఈ పరీక్షలు ఫిబ్రవరి నడుమ మొదలవుతాయి. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి ఆఖరు, మార్చి ప్రాంతంలో, పదో తరగతివి మార్చిలో వస్తాయి. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. ఎంసెట్ పోయి వచ్చిన ఈఏపీసెట్, నీట్ సాధారణంగా మేలో. పరీక్షల కాలమూ ఏడాది లెక్కలు ముగించే కాలమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయని ఇట్టే అర్థమవుతుంది. ఇది ఏటా వచ్చేదే. అయినా ఏటా మార్చిలో కొత్తగా తెలిసినట్టు కంగారు పడేవాళ్ళే ఎక్కువ.

చేయాల్సిన పని ఇది. బడి తెరిచిన వారంలో స్కూల్ డైరీ, కంపెనీ క్యాలెండర్ పక్కపక్కన పెట్టుకుని ఏడాదికి పన్నెండు కదలని రోజులు ఎంచుకోండి. పుట్టినరోజులు, సంక్రాంతికి ఊరెళ్ళే రెండు మూడు రోజులు, పేరెంట్ టీచర్ మీటింగులు, స్కూల్ వార్షికోత్సవం, పరీక్షలు మొదలయ్యే రోజు. పన్నెండు దాటనివ్వకండి. ముప్పై రోజులు కదలవని చెప్తే ఆఫీసులో ఒక్కటీ నిలబడదు. ఆ తేదీలను ఆఫీసు క్యాలెండర్‌లో అప్పుడే నింపేసి, రెండు నెలల ముందు పైఅధికారికి ఒక్క వాక్యంలో చెప్పండి: "సర్, ఫిబ్రవరి 17 ఉదయం మా అబ్బాయి పరీక్ష మొదలు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటినుంచి అందుబాటులో ఉంటాను. ఉదయం రివ్యూ నా తరఫున ఫలానావారు చూస్తారు."

ఆ చివరి వాక్యం మరిచిపోవద్దు. చాలామంది రోజు బ్లాక్ చేస్తారు గానీ తమ బదులు ఎవరు కూర్చుంటారో చెప్పరు. మీటింగ్ ఆగదు, ఫోను మీకే వస్తుంది, పరీక్ష హాలు గేటు బయట నిలబడి మీరు లెక్కలు చెప్తుంటారు. డైరెక్టర్ల బోర్డులో ఉన్నవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవచ్చు: కంపెనీల చట్టం వీడియో ద్వారా బోర్డు మీటింగులో పాల్గొననిస్తుంది. ఆ సంగతి కంపెనీ సెక్రటరీకి ముందుగానే తెలియజేస్తే సరి.

అమెరికా కాల్స్

మన దేశంలో గడియారం మార్చే పద్ధతి లేదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. దాంతో కాలిఫోర్నియాలో ఉదయం 8:30కి పెట్టిన మీటింగ్ వేసవిలో మనకి రాత్రి 9 గంటలకి, చలికాలంలో రాత్రి 10 గంటలకి వస్తుంది. న్యూయార్క్ ఉదయం 9 అంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అంటే నవంబర్ నుంచి మార్చి దాకా న్యూయార్క్ కాల్ సరిగ్గా పిల్లల అన్నం వేళకి వచ్చి కూర్చుంటుంది. లండన్ వాళ్ళు మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం మారుస్తారు. అందుకే మార్చిలో రెండు మూడు వారాలపాటు మూడు దేశాల కాల్స్ ఒకదాన్నొకటి తొక్కేస్తాయి, అది కూడా పరీక్షల నెలలో. అక్టోబర్‌లోనే కూర్చుని చలికాలపు టైములు తిరగరాయించుకోండి. నవంబర్ వచ్చాక అడిగితే అప్పటికి అందరి క్యాలెండర్లూ నిండిపోయి ఉంటాయి.

పిల్లలు పదేళ్ళలోపు ఉన్నప్పుడు రాత్రి 7:30 నుంచి 9 దాకా ఉన్న గంటన్నర విలువైనది. దాన్ని కాపాడుకోవడానికి 9 తర్వాత కాల్స్‌కి ఒప్పుకోవడమే మేలు. అయితే 9 దాటిన కాల్స్ వారానికి రెండు, గట్టిగా మూడు. అవి వరుస రోజుల్లో, ఉదాహరణకి మంగళ, బుధవారాల్లో ఉండేలా చూసుకోండి. మిగతా రాత్రులు నిద్ర తీరుతుంది. భార్యాభర్తలిద్దరికీ రాత్రి కాల్స్ ఉంటే రోజులు పంచుకోవాలి. ఒకే రాత్రి ఇద్దరూ రెండు గదుల్లో తలుపులు మూసుకోవడం పిల్లలకి బాగా కష్టమనిపిస్తుంది. ఒక ప్రాంతానికే ఎప్పుడూ రాత్రి రాకూడదని, మూడు నెలలకోసారి టైము తిప్పుదామని అడగండి. పై స్థాయిలో ఉన్నవాళ్ళు అడిగితే ఆ మార్పు కింద టీమంతటికీ మంచిది, వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలున్నారు.

బిడ్డ పుట్టే ఏడాది

మొదటి ఇద్దరు పిల్లలకి చట్ట ప్రకారం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. అందులో ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడకూడదు. మూడో కాన్పుకి 12 వారాలు. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. కాబట్టి గర్భంతో ఉండి కంపెనీ మారేవాళ్ళు ఈ 80 రోజుల లెక్క చూసుకోవాలి. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) వసతి ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. తండ్రులకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 15 రోజులు ఉన్నాయి. ప్రైవేటులో కంపెనీ ఎంతిస్తే అంత.

తండ్రి సెలవు గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అంతా కాన్పప్పుడే వాడేస్తారు. అప్పుడు అమ్మమ్మ వాళ్ళింట్లో పదిమంది ఉంటారు. తల్లి తిరిగి ఆఫీసుకి వెళ్ళే మొదటి వారం మాత్రం ఇంట్లో ఎవరూ ఉండరు. కంపెనీ ఒప్పుకుంటే సగం సెలవు ఆ వారానికి అట్టే పెట్టండి. ఆ అయిదు రోజులూ తండ్రి ఒక్కడే బిడ్డతో ఉంటే, ఇంటిపనిలో రెండో మనిషి నిజంగా తయారవుతాడు.

ఆఫీసు పనుల అప్పగింత సెలవుకి ఎనిమిది వారాల ముందు మొదలవ్వాలి. మీరు చూసే పనుల జాబితా, ఒక్కోదానికి తాత్కాలికంగా ఎవరు, ఏ నిర్ణయం మీ దాకా రావాలి, ఏది రాకూడదు, ఇవన్నీ రెండు పేజీల్లో రాసి మెయిల్ చేయండి. ఆ ఏడాది అప్రైజల్‌కి మీ లక్ష్యాలు పనిచేసిన నెలల మేరకే చూస్తారని కూడా వెళ్ళకముందే రాయించుకోండి. తిరిగొచ్చాక అడిగితే రేటింగ్ అప్పటికే ఖాయమైపోయి ఉంటుంది.

తిరిగి చేరే రోజు సోమవారం కాకుండా బుధవారం పెట్టుకుంటే మొదటి వారం మూడు రోజులే ఉంటుంది. దానికి రెండు వారాల ముందే బిడ్డను క్రెష్‌లో గంట, రెండు గంటలు, పూట అని పెంచుకుంటూ అలవాటు చేయాలి. పాలు పిండి దాచేవాళ్ళకి కొలతలు: పాతిక డిగ్రీల గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలలు. మన ఏప్రిల్ ఎండల్లో గది పాతిక డిగ్రీలు ఉండదు, కాబట్టి పిండిన వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. ఆఫీసునుంచి ఇంటికి ఐస్ ప్యాక్ పెట్టిన సంచిలో తేవాలి. అరవై నుంచి నూట ఇరవై మిల్లీలీటర్ల చిన్న సంచుల్లో, తేదీ రాసి పెట్టండి. పెద్ద సీసాలో పెడితే బిడ్డ తాగగా మిగిలింది పారబోయాల్సి వస్తుంది. గడ్డకట్టిన పాలు కరిగాక ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లో వాడేయాలి, మళ్ళీ గడ్డ కట్టించకూడదు. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేలా ఉంటాయి. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టాలి.

టీకాల తేదీలు పుట్టిన రోజే తెలిసిపోతాయి: 6, 10, 14 వారాలు, 9 నెలలు, 16 నుంచి 24 నెలల మధ్య. వీటిని ఇద్దరి ఆఫీసు క్యాలెండర్లలోనూ అదే రోజు వేసేయండి. టీకా మర్నాడు బిడ్డకి జ్వరం రావచ్చు, ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి.

సెలవు తర్వాత తిరిగి చేరిన మొదటి ఆరు నెలల్లో ఉద్యోగం మానేసే నిర్ణయం తీసుకోవద్దు, ఆరోగ్యం మరీ ఇబ్బంది పెడితే తప్ప. నిద్రలేని మూడో నెలలో ఏ ఉద్యోగమైనా చేయలేనిదిగానే కనిపిస్తుంది.

ఎవరి పని అది?

ఆదివారం సాయంత్రం అరగంట, ఇద్దరూ కూర్చోవాలి. వచ్చే ఏడు రోజుల్లో ఎవరు ఎప్పుడు ఊళ్ళో ఉండరు, పిల్లల్ని ఎవరు దింపుతారు, ఎవరు తెస్తారు, వంటమనిషి సెలవు ఉందా, పెద్దవాళ్ళ మందులు ఎన్ని రోజులకున్నాయి. దీనికి ఫోన్లు పక్కన పెడితే అరగంట చాలు.

పనులు పంచుకోవడంలో ఎక్కువమంది చేసే పొరపాటు, చేసే భాగాన్ని మాత్రమే పంచుకోవడం. "నువ్వు చెప్పు, చేసేస్తాను" అన్న మనిషి పనిలో మూడో వంతే తీసుకున్నట్టు. పని రాబోతోందని గమనించడం ఒకటి, దానికి కావాల్సినవి సమకూర్చడం ఒకటి, చేయడం ఒకటి. మూడూ ఒకరివే అవ్వాలి. స్కూల్ ఫీజు భర్తదైతే గడువు ఎప్పుడో చూసుకోవడం, డబ్బు ఆ ఖాతాలో ఉంచడం, రసీదు దాచడం అన్నీ ఆయనవే. ఆమెకి ఆ ఊసే ఉండకూడదు. పిల్లల డాక్టర్, యూనిఫాం, స్కూల్ బస్సు, వాట్సాప్ గ్రూపు, పుట్టినరోజు బహుమతులు, గ్యాస్, కరెంటు బిల్లు ఇలా పాతిక పనులు రాసి ఒక్కోదాని పక్కన ఒక్క పేరే రాయండి. ఇద్దరి పేర్లూ రాసిన పని ఎవరిదీ కాదు.

వాట్సాప్ గ్రూపునే తీసుకోండి. రాత్రి 8:40కి టీచర్ సందేశం పెడతారు: రేపు ఆకుపచ్చ డ్రెస్సు, ఒక ఆకుకూర కట్ట, చార్టు మీద అతికించిన నాలుగు కూరగాయల బొమ్మలు. అప్పుడు మీరు కాల్‌లో ఉంటారు, ఆయన ఎయిర్‌పోర్టులో ఉంటారు. ఆ గ్రూపు ఎవరిదో ముందే తేలి ఉంటే ఆ మనిషి రోజూ రాత్రి తొమ్మిదికి ఒకసారి చూస్తారు. అల్మారాలో ఒక అట్టపెట్టె పెట్టుకోండి: తెల్ల చార్టులు నాలుగు, రంగు చార్టులు నాలుగు, ఫెవికాల్, స్కెచ్ పెన్నులు, బ్రౌన్ పేపర్, లేబుళ్ళు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఎనిమిది, పాత మ్యాగజైన్లు రెండు. ఆకుపచ్చ, పసుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో బిడ్డకి సరిపోయే చొక్కా ఒక్కోటి. రాత్రి తొమ్మిదిన్నరకి స్టేషనరీ షాపు షట్టర్ తట్టే అవసరం చాలావరకు తప్పుతుంది.

పెప్సీకోలో పెద్ద పదవుల్లో ఉన్న రోజుల్లో ఇంద్రా నూయి ఇలాంటి ఏర్పాటే ఆఫీసులో చేసుకున్నారు. కూతురు వీడియో గేమ్ ఆడుకోవచ్చా అని ఫోన్ చేస్తే, ఆమె మీటింగులో ఉన్నప్పుడు ఆఫీసులో ఫోన్ ఎత్తేవారే హోంవర్క్ అయిందా లాంటి ప్రశ్నలు వరుసగా అడిగి, జవాబులు సరిగ్గా ఉంటే ఇంతసేపు ఆడుకోమని చెప్పేవారట. ఎవరు ఫోన్ ఎత్తినా బిడ్డకి ఒకే జవాబు వస్తుంది. మీ ఇంట్లో ఆ జాబితా ఆయాకి, తాతగారికి, పక్కింటి పిన్నిగారికి ఇవ్వండి: బడినుంచి రాగానే ఏం తినాలి, టీవీ ఎంతసేపు, కిందికి ఆడుకోవడానికి ఎప్పుడు, ఎవరితో బయటికి వెళ్ళచ్చు. మనిషి మనిషికీ నియమం మారితే పిల్లలు మెతకగా ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్తారు, ఆ మెతకమనిషి మాటపడతారు.

అమ్మమ్మ, నానమ్మ, ఆయా

అరవై అయిదు దాటిన మనిషి రెండేళ్ళ పిల్లాడి వెనక రోజంతా పరిగెత్తలేరు. మొహమాటానికి ఆ మాట చెప్పరు, నడుం పట్టేశాక తెలుస్తుంది. పెద్దవాళ్ళని ఒంటరిగా కాపలా పెట్టకండి. ఎత్తుకోవడం, స్నానం, బట్టలు ఆయాకి, పైచూపు పెద్దవాళ్ళకి. రోజుకి నాలుగు గంటలు వాళ్ళవి వాళ్ళకి ఉండాలి, మధ్యాహ్నం నిద్రతో సహా. ఏడాదిలో కనీసం నాలుగు వారాలు సొంతూరు వెళ్ళిరావాలి, ఆ తేదీలు కూడా మీ క్యాలెండర్‌లోకి ముందే ఎక్కాలి. అడిగేటప్పుడు "మీరుంటే మాకు ధైర్యం అత్తయ్యా, ఎన్ని నెలలైతే మీకు ఇబ్బంది లేకుండా ఉంటుందో మీరే చెప్పండి" అని అడగండి. టికెట్ బుక్ చేసేసి చెప్పకండి. ఇరువైపులవాళ్ళూ ఉంటే వంతులు వేసుకోవచ్చు, కానీ పోలికలు పెట్టకూడదు.

ఆయాని పెట్టుకునేటప్పుడు మీరు ఇంట్లో ఉండే రెండు వారాలు ముందు పని చూపించండి. పోలీసు వెరిఫికేషన్ చేయించండి. పనివేళలు, వారానికి ఒక పూర్తి సెలవు, జీతం ఏ తేదీన, పండక్కి ఎంత, అన్నీ మొదటిరోజే చెప్పండి. జీతం ఒకటో తారీఖు దాటనివ్వకండి. మంచి ఆయాలు వెళ్ళిపోవడానికి పెద్ద కారణాలు రెండు: బిడ్డను చూసుకోమని తెచ్చి గిన్నెలు, బట్టలు కూడా నెత్తిన వేయడం, చెప్పిన టైముకి మీరు ఇంటికి రాకపోవడం.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉండాలి. మీ ఇద్దరి నంబర్లు, డాక్టర్ నంబరు, దగ్గర్లో పిల్లలకి రాత్రివేళ కూడా వైద్యం దొరికే ఆస్పత్రి, 108, 112, బిడ్డ బరువు, పడని మందులు, జ్వరానికి డాక్టర్ రాసిచ్చిన మోతాదు. బరువు పెరిగేకొద్దీ మోతాదు మారుతుంది కాబట్టి మూడు నెలలకోసారి డాక్టర్‌ని అడిగి ఆ కాగితం కొత్తది పెట్టండి.

ఆయా రాలేదు, అమ్మమ్మకి జ్వరం. ఇలాంటి రోజుకి ఎవరు ఇంట్లో ఉంటారు? ఆ ఉదయం ఏడు గంటలకి దీన్ని తేల్చుకోబోతే ఎప్పుడూ ఒక్కరే, చాలా ఇళ్ళలో తల్లే, ఆగిపోతారు. ముందే ఒప్పందం ఉండాలి: సరి తేదీ ఒకరిది, బేసి తేదీ ఒకరిది. ఆ రోజు కదలని పని ఉన్నవాళ్ళు ఇంకొకరితో మార్చుకోవచ్చు, మార్చుకున్నది తిరిగి తీర్చాలి.

ప్రయాణాలు

పిల్లలు అయిదేళ్ళలోపు ఉంటే ఒక్కో ప్రయాణం మూడు రాత్రులకి మించకుండా చూసుకోండి, విదేశాలైతే ఆరు. తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళే మధ్య పది రోజులన్నా ఉండాలి. ఢిల్లీ, ముంబై పనులు ఒకే వారంలో కలిపేయడం రెండు వారాలు పోగొట్టుకోవడం కంటే నయం. ఫోన్ రోజూ ఒకే టైముకి చేయండి, అయిదు నిమిషాలైనా సరే. "తిన్నావా, చదివావా" అన్న ప్రశ్నలకి పిల్లలు ఊఁ కొట్టి పెట్టేస్తారు. బడి టైంటేబుల్ ఫొటో ఫోన్‌లో ఉంచుకుని "ఇవాళ ఆటల పీరియడ్ కదా, ఎవరు గెలిచారు" అని అడిగితే మాట సాగుతుంది. ప్రతిసారీ బొమ్మ తేవద్దు. ఇంటికొచ్చిన మొదటి గంట ఫోన్ బ్యాగులోనే ఉండనివ్వండి.

డబ్బు లెక్క, విరామం లెక్క

"నీ జీతంలో ఆయాకి, క్రెష్‌కి పోగా ఏం మిగులుతోంది" అన్న లెక్క మొదటే తప్పు. బిడ్డ ఖర్చు ఇద్దరి జీతాల నుంచీ పోవాలి, ఒక్క తల్లి జీతంలోంచే తీసేయకూడదు. రెండోది, ఆ లెక్క ఈ నెలకి వేయకూడదు. మూడేళ్ళ క్రెష్ ఖర్చు ఒకవైపు, ఉద్యోగంలో కొనసాగితే పదేళ్ళలో పెరిగే జీతం, పీఎఫ్, బోనస్ ఇంకోవైపు రాసి చూడండి.

మానాలనే అనుకుంటే తేదీ చూసుకుని మానండి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) రావాలంటే అయిదేళ్ళ వరుస సర్వీసు కావాలి. చివరి మూల వేతనం, కరువు భత్యం కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్ళతో హెచ్చిస్తే ఆ మొత్తం వస్తుంది. నాలుగేళ్ళ మూడు నెలలకి వెళ్ళిపోవడం కంటే మిగతా కాలం జీతం లేని సెలవు దొరుకుతుందేమో, అది సర్వీసు కింద లెక్కకొస్తుందేమో హెచ్ఆర్‌ని అడిగి చూడాలి. పీఎఫ్ తీసేసుకోకండి. మళ్ళీ చేరిన చోటికి అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కింద మార్చుకుంటే పాత సర్వీసూ కలుస్తుంది. అయిదేళ్ళు నిండకుండా తీసుకుంటే పన్ను పడుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకి, ఒంటరిగా బిడ్డను పెంచే పురుష ఉద్యోగులకి శిశు సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 730 రోజులుంది. మొదటి 365 రోజులకి పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకి 80 శాతం. పిల్లలకి 18 ఏళ్ళు వచ్చేదాకా, మొదటి ఇద్దరికోసం వాడుకోవచ్చు. దీన్ని పసితనంలోనే ఖర్చు పెట్టేవాళ్ళు ఎక్కువ. కనీసం 120 రోజులు పది, ఇంటర్ ఏళ్ళకి ఉంచుకోమని మా సలహా.

విరామం తర్వాత తిరిగి రావాలంటే మధ్యలో పూర్తిగా మాయమవకూడదు. ఏడాదికి ఒక సర్టిఫికెట్, మూడు నెలలకోసారి పాత బాసుతోనో సహోద్యోగితోనో ఫోన్, చేతిలో ఒక చిన్న కన్సల్టింగ్ పని. తిరిగొచ్చే ఆడవాళ్ళకోసం కంపెనీలు ప్రత్యేక పథకాలు నడుపుతాయి. టాటా గ్రూపు 2008లోనే ఇలాంటిది మొదలుపెట్టింది. విరామం రెండేళ్ళు దాటేకొద్దీ పాత స్థాయిలో చేరడం కష్టమవుతుంది, అది ముందే తెలిసి నిర్ణయం తీసుకోవాలి.

పదో తరగతి నుంచి ఇంటర్ దాకా

ఈ వయసు పిల్లలకి పక్కన కూర్చుని చదివించే మనిషి అక్కర్లేదు. రాత్రి పదకొండింటికి, పుస్తకం మూశాక, వంటింట్లోకి వచ్చి ఏదో తింటూ మాట్లాడతారు. ఆ టైముకి ఇద్దరిలో ఒకరు ఖాళీగా అక్కడుండాలి. రాత్రి కాల్స్ తగ్గించుకోవాల్సింది అసలు ఈ రెండేళ్ళే. జనవరి నుంచి మే దాకా ఇద్దరూ ఒకేసారి ఊరు విడిచి వెళ్ళకూడదు. మార్కులు చెప్పిన రోజు ఫోన్‌లో కోప్పడటం, విమానం దిగగానే ర్యాంకు అడగడం, ఈ రెండూ మానేయండి. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పెడితే ఆఫీసు పని తేలికవుతుందని పెట్టేవాళ్ళున్నారు. పెట్టాలనుకుంటే పిల్లవాడి ఇష్టం కనుక్కోండి, ఔటింగ్ ఇచ్చే ఆదివారాలు మీ కదలని రోజుల్లో చేర్చండి, నిద్ర, తిండి, మాట తగ్గినట్టు అనిపిస్తే నెల మధ్యలోనైనా తీసుకొచ్చేయండి. కట్టిన ఫీజు అడ్డు కాకూడదు.

తట్టుకోలేని స్థితి వస్తే

గుర్తులు ఇవి: ఆదివారం కూర్చోవడం వరుసగా మూడు వారాలు తప్పింది, ఇద్దరి మాటలూ పనుల గురించే ఉంటున్నాయి, బిడ్డ మీకు చెప్పాల్సినవి ఆయాకి చెప్తోంది, ఇద్దరిలో ఒకరికి బీపీయో షుగరో కొత్తగా వచ్చింది. అప్పుడు తగ్గించే వరుస తప్పకూడదు. ముందు మీ హోదాకి తప్పనిసరి కాని విందులు, ప్యానెళ్ళు, కమిటీలు పోవాలి. తర్వాత ఇంటి పట్టింపులు: రోజూ రెండు కూరలు, మడతపెట్టిన బట్టలు, పిల్లలకి నాలుగు రకాల క్లాసులు. తర్వాత డబ్బుతో తీరేవి: ఇంకో పూట వంటమనిషి, డ్రైవర్, ఆఫీసు దగ్గర అద్దె ఇల్లు. రోజుకి రెండు గంటల ప్రయాణం తప్పించే ఇల్లు పెద్ద ఇంటికంటే ఎన్నో రెట్లు మేలు.

అయినా చాలకపోతే ఉద్యోగంలో బరువు తగ్గించమని అడగాలి, ఎవరు అడగాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. అలవాటు చొప్పున భార్యే అడగాలని లేదు. ఆ ఏడాది ఎవరి పని ఆగితే తక్కువ నష్టమో వాళ్ళు అడగాలి. "కష్టంగా ఉంది" అని మొదలుపెడితే పైవాళ్ళు ఓదార్చి పంపేస్తారు. ఒక పేజీ రాసుకుని వెళ్ళండి: ఏ రెండు బాధ్యతలు వదులుతున్నారు, అవి ఎవరికి, ఏ తేదీనుంచి ఏ తేదీదాకా, ఏవి మీ దగ్గరే ఉంటాయి, హోదా మారదని, ఆరు నెలల తర్వాత ఫలానా నెలలో తిరిగి తీసుకుంటారని. ఒప్పుకున్నది అదే రోజు మెయిల్‌లో రాయించుకోండి. ఆరు నెలల్లో బాస్ మారిపోవచ్చు.